ఇంగ్లీషులో మెచ్చుకోవడం, మెచ్చుకుంటే బదులివ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వచ్చేవాళ్లలో చాలామందికి గ్రామర్ బాగానే వచ్చు. టెన్సులు అడిగితే గడగడా చెప్పేస్తారు. అదే ఎవరైనా "నైస్ షర్ట్" అన్నారంటే తల దించుకుని, చొక్కా గుండీ నలుపుతూ నిలబడిపోతారు. ఎచ్చెర్లలో పీజీ చదివే పిల్లలు, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో విదేశీ ఆడిటర్లతో మాట్లాడాల్సినవాళ్లు, ఉద్దానం నుంచి గల్ఫ్‌కీ ఓడల మీద పనికీ వెళ్లేవాళ్లు, హైదరాబాద్‌లో కొత్తగా సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలివి. ఇంగ్లీషు వాక్యాలని కూడా తెలుగు లిపిలోనే రాశాను. పైకి చదువుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఎవరైనా ఇంగ్లీషులో మెచ్చుకుంటే ఏమనాలి? ఒక్క ముక్కలో చెప్పండి.

"థాంక్యూ" అనండి. దాని వెనకాలే, వాళ్లు మెచ్చుకున్న వస్తువు గురించో పని గురించో ఒక చిన్న వాక్యం చేర్చండి. అక్కడితో ఆగండి. తొందరలో ఉన్నవాళ్లకి ఇది చాలు. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నదే.

వట్టి "థాంక్యూ" అంటే గర్వం అనుకోరా? మా ఇంట్లో అలా అంటే "అబ్బో" అంటారు.

మీ భయంలో న్యాయం ఉంది. ఆ భయం మనకొక్కళ్లకే అనుకోవడం మాత్రం పొరపాటు. అమెరికాలో మాటల తీరు మీద పనిచేసిన అనితా పొమరాంట్జ్ 1978లో ఇదే చిక్కు గురించి రాసింది. ఎవరైనా మనల్ని మెచ్చుకున్నప్పుడు రెండు మర్యాదలు ఒకేసారి మీద పడతాయి. ఎదుటివాళ్ల మాట కాదనకూడదు అన్నది ఒకటి. మనల్ని మనం పొగుడుకోకూడదు అన్నది రెండోది. ఒప్పుకుంటే సొంత డబ్బా, ఒప్పుకోకపోతే ఎదుటివాడి మాట కొట్టేసినట్టు. రెండూ ఒకేసారి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. ఆవిడ చెప్పింది అమెరికావాళ్ల సంగతే. అంటే ఆ ఇబ్బంది వాళ్లకీ ఉంది.

ఏ మర్యాదని వదులుకోవాలి అన్న దగ్గరే తేడా. మనం ఎదుటివాళ్ల మాట కొట్టేసి, అణకువ నిలబెట్టుకుంటాం. మా వదిన మాట అలా కొట్టేసినా ఆవిడ మనసు నొచ్చుకోదు, ఎందుకంటే ఆవిడా అదే చేస్తుంది. ఇంగ్లీషులో ముందు ఎదుటివాళ్ల మాట నిలబెట్టి, ఆ తర్వాత అణకువకి దారి వెతుక్కుంటారు. అక్కడ "థాంక్యూ" అంటే "అవును, నేను గొప్పవాణ్ణే" అని కాదు. మీ మాట నాకు చేరింది అని ఇచ్చే రసీదు లాంటిది. రసీదు ఇచ్చినంత మాత్రాన సరుకు గొప్పదని ఒప్పుకున్నట్టు కాదు కదా.

అయితే ఇంగ్లీషు మాట్లాడేవాళ్లంతా టక్కున ఒప్పేసుకుంటారా?

లేదు. స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకాల్లో ఉండే పెద్ద అబద్ధం ఇదే. వాటిలో మెచ్చుకోలు పక్కన "థాంక్యూ" తప్ప ఇంకో జవాబు కనపడదు.

రాబర్ట్ హెర్బర్ట్ అనే పరిశోధకుడు 1980లలో అమెరికాలో ఒక యూనివర్సిటీ విద్యార్థులు మామూలుగా మాట్లాడుకునేటప్పుడు ఇచ్చిన జవాబులు వెయ్యికి పైగా పోగు చేయించాడు. వాటిలో "థాంక్స్" తరహావి నూటికి 30 మాత్రమే. ఆ వస్తువు ఎక్కడ కొన్నారో, ఎవరిచ్చారో చెప్పినవి నూటికి 20 దాకా ఉన్నాయి. అంటే మెచ్చుకోలుని తన మీద నుంచి వస్తువు మీదికి మళ్లించడం అన్నమాట. కాదు అని కొట్టేసినవి నూటికి పది. "నువ్వు కూడా బాగున్నావు" అని తిప్పి ఇచ్చినవి కొన్ని, "నిజంగానా?" అని అడిగినవి కొన్ని. "అవును, నాకు ఏది వేసుకున్నా బాగుంటుంది" తరహావి నూటికి ఒకటి కూడా లేవు. అదే మనిషి దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషు మాట్లాడే విద్యార్థుల జవాబులు చూస్తే, వాళ్లు అమెరికావాళ్ల కంటే చాలా ఎక్కువగా ఒప్పుకుంటున్నారు. కాబట్టి ఇంగ్లీషువాళ్లంతా ఒకటే అనుకోకండి.

మా క్లాసులో "థాంక్యూ వెనకాల ఒక వాక్యం" అని పట్టుబట్టడానికి కారణం ఆ నూటికి 20 జవాబులే. థాంక్యూ ఎదుటివాళ్ల మాట నిలబెడుతుంది. వెనకాల వచ్చే వాక్యం పొగడ్తని మీ మీద నుంచి దించేస్తుంది. మొహమాటస్తులకి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

వెనకాల చేర్చే ఆ వాక్యం ఎలాంటిది ఉండాలి?

నిజమైనది, చిన్నది. పొందూరు ఖద్దరు చొక్కా వేసుకుని వెళ్లారనుకోండి. క్లయింటు "ఐ లైక్ యువర్ షర్ట్" అన్నాడు. "థాంక్యూ. ఇట్స్ హ్యాండ్‌స్పన్, ఫ్రమ్ ఎ టౌన్ నియర్ మై హోమ్" అనండి. అతను ఆసక్తి చూపిస్తే ఇంకో మాట ఉంది: అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారని. ఆ ముక్క చెప్పాక ఏ క్లయింటైనా ఇంకో పది నిమిషాలు మిమ్మల్నే ప్రశ్నలు అడుగుతాడు. మీ చొక్కా సంగతి, మీ సంగతి మరిచిపోయి చేప దవడ దగ్గరే ఉంటాడు. మీకు కావాల్సిందీ అదే.

పని గురించైతే ఎవరు సాయం చేశారో చెప్పండి: "థాంక్యూ. రమణ చెక్డ్ ఆల్ ది నంబర్స్." వంట గురించైతే "థాంక్యూ. ఇట్స్ మై మదర్స్ వే ఆఫ్ మేకింగ్ ఇట్." ధర మాత్రం చెప్పకండి. "ఓన్లీ త్రీ హండ్రెడ్ రుపీస్, మేడమ్, ఇన్ సేల్" అని మనం అణకువగానే అంటాం. వినేవాళ్లకి మాత్రం ఏం బదులివ్వాలో తోచదు.

"యువర్ ఇంగ్లీష్ ఈజ్ వెరీ గుడ్" అంటే?

నేర్చుకునేవాళ్లకి అందరికంటే ఎక్కువసార్లు ఎదురయ్యే మెచ్చుకోలు ఇదే. మావాళ్ల జవాబు కూడా దాదాపు ఒకటే: "నో సార్, మై ఇంగ్లీష్ ఈజ్ వెరీ పూర్ సార్, ఐ యామ్ ఫ్రమ్ విలేజ్ సార్, తెలుగు మీడియం సార్." ఒక్క మెచ్చుకోలుకి నాలుగు సార్‌లు, పైన ఊరి మీదా బడి మీదా నింద. ఆ ఊరూ ఆ బడీ ఏం పాపం చేశాయి? తమాషా ఏమిటంటే, తన ఇంగ్లీషు బాగోలేదని చెప్పే ఆ వాక్యంలో ఇంగ్లీషు బాగానే ఉంటుంది.

అణకువ కావాలంటే థాంక్యూ తర్వాత పెట్టండి: "థాంక్యూ. ఐ యామ్ స్టిల్ వర్కింగ్ ఆన్ ఇట్." లేదా, "థాంక్యూ. వియ్ స్పీక్ తెలుగు ఎట్ హోమ్, సో ఆఫీస్ ఈజ్ మై ప్రాక్టీస్." ఇవి రెండూ మన మర్యాదకీ సరిపోతాయి, వాళ్ల మర్యాదకీ సరిపోతాయి.

ఒక పక్క మాట. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకి ఈ మెచ్చుకోలు కాస్త గుచ్చుకుంటుంది. "నాకు రాదని ఎందుకనుకున్నారు?" అనిపిస్తుంది. ఆ అనిపించడం తప్పేమీ కాదు. కానీ చాలామంది దీన్ని మంచి మనసుతోనే అంటారు, వదిలేయండి.

సరే, "నో నో" అంటే మాత్రం కొంపలు మునుగుతాయా?

మునగవు. కానీ వినేవాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి. ఆడిటర్ మీ రికార్డులు చూసి "వెరీ క్లియర్ డాక్యుమెంటేషన్" అన్నాడు. మీరు "నో నో సార్, నథింగ్ సార్" అన్నారు. అతనికి రెండే అర్థాలు తోస్తాయి: తన అంచనా తప్పు అని మీరంటున్నారు, లేదా రికార్డుల్లో నిజంగానే ఏదో లోపం ఉంది. రెండోది తోచిందంటే మళ్లీ మొదటి పేజీ నుంచి చూడ్డం మొదలుపెడతాడు.

మామూలు మనుషులైతే ఇంకో ఇబ్బంది. మీరు కాదన్నారు కాబట్టి వాళ్లు మళ్లీ చెప్పాలి: "నో, రియల్లీ, ఇట్స్ గుడ్." మీరు మళ్లీ కాదంటారు. మనలో మనకి ఈ లాగుడు సరదాగానే ఉంటుంది. అలవాటు లేనివాళ్లకి మూడో విడతకి ప్రాణం విసుగెత్తుతుంది.

జెన్నీ థామస్ అనే భాషా పరిశోధకురాలు 1983లో చెప్పిన మాట ఒకటి క్లాసులో తరచూ గుర్తు చేస్తాను. గ్రామర్ తప్పు చేస్తే "పాపం, భాష సరిగ్గా రాదు" అనుకుంటారు. మాట తీరులో తప్పు చేస్తే భాష సంగతి ఎవరికీ గుర్తు రాదు, "ఈ మనిషే ఇంత" అనుకుంటారు. మీ ఇంగ్లీషు ఎంత బాగుంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ.

మన పద్ధతి అంత పనికిరానిదా మరి?

ఎవరన్నారు? నరసన్నపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర వరసైన ఇద్దరు ఆడవాళ్ల మాటలు ఇలా సాగుతాయి.

"ఏటొదినా, చీర కొత్తదేటి? ఎంతెట్టావు?"

"కొత్తదేటి, సంక్రాంతికి మా తమ్ముడు ఎట్టాడు. రంగు ఉంటాదో పోద్దో."

"నీకు నప్పింది."

"నీకైతే ఇంకా బాగుంటాది. కావాలంటే రేపు రిసెప్షన్‌కి కట్టుకో."

ఇందులో "బాగుంది" అని సూటిగా ఎవరూ అనలేదు. ధర అడగడమే మెచ్చుకోవడం. తమ్ముడి పేరు చెప్పడంతో పొగడ్త పుట్టింటికి వెళ్లిపోయింది. రంగు పోతుందేమో అన్న అనుమానం దిష్టికి విరుగుడు. చివర్లో చీరే ఇచ్చేస్తానంది, ఇవ్వక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. నాలుగు ముక్కల్లో ఇంత పని జరిగింది. హెర్బర్ట్ పట్టికలో "ఎవరిచ్చారో చెప్పడం" అనే గడిలో ఈ వదిన జవాబు చక్కగా ఇమిడిపోతుంది కూడా.

భోజనం దగ్గర మనవాళ్లు ఇంకా పొదుపు. "కూర బాగుంది" అనడం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల మాట. ఇంట్లోవాళ్లు "ఇంకొంచెం వెయ్యి" అని కంచం ముందుకి జరుపుతారు, అంతే. ఈ అలవాటుతో విదేశంలో ఎవరింటికైనా భోజనానికి వెళ్తే మాత్రం చిక్కు. మీరు మూడుసార్లు వడ్డించుకున్నా నోటితో "దిస్ ఈజ్ డెలిషస్" అనకపోతే వండినవాళ్లకి దిగులే.

మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మా అమ్మమ్మ భయం. విదేశాల్లో అలాంటిది ఉండదా?

ఉంటుంది, చాలాచోట్ల. పెనెలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు మర్యాద గురించి 1978లో పెద్ద సిద్ధాంతం రాశారు. మెచ్చుకోవడం కూడా ఎదుటివాళ్లని ఇబ్బందిలో పెట్టగలదని అందులో అంటారు. ఒకరి వస్తువుని మెచ్చుకోవడమంటే "అది నాకుంటే బాగుణ్ణు" అని చెప్పినట్టే, అందులో అసూయ వాసన ఉంటుంది. వాళ్లు పరిశీలించిన మూడు భాషల్లో ఒకటి కోయంబత్తూరు వైపు పల్లె తమిళం. కాబట్టి దిష్టి సంగతి వాళ్లకి తెలియక కాదు.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. అరబ్బుల ఇళ్లలో పిల్లల్ని గానీ, కొత్త బండిని గానీ మెచ్చుకునేటప్పుడు "మాషా అల్లాహ్" అని కలుపుతారు. దిష్టి తగలకుండా ఆ మాట. సూపర్‌వైజర్ పిల్లాణ్ణి చూసి వట్టి "వెరీ క్యూట్ బేబీ" అని ఊరుకోవడం కంటే ఆ మాట కలిపితే వాళ్ల ముఖమే మారుతుంది. మీ అమ్మమ్మకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

ఎవరైనా నా వస్తువు బాగుందంటే "తీసుకోండి" అనాలా?

మనలో మనకి అది మర్యాద. ఇంగ్లీషువాళ్ల దగ్గర వద్దు. జానెట్ హోమ్స్ అనే భాషా పరిశోధకురాలు న్యూజీలాండ్ నుంచి ఒక సంఘటన రాసింది. అక్కడి తెల్ల ఆవిడ తన సమోవా స్నేహితురాలి మెడలో హారం బాగుందని అంది. స్నేహితురాలు వెంటనే తీసి "ప్లీజ్ టేక్ ఇట్" అంది. పాపం, మెచ్చుకున్నావిడ ఇబ్బంది పడిపోయింది, అడిగినట్టు అయిపోయిందే అని. మీరు ఒకవేళ అలవాటుగా "టేక్ ఇట్" అన్నారనుకోండి, వాళ్లు నిజంగా తీసుకున్నా ఆశ్చర్యపోకండి. మాటవరసకి అన్నదని వాళ్లకి తెలియదు.

ఇంగ్లీషులో మెచ్చుకోవాలంటే వాక్యం ఎలా కట్టాలి? నాకు పదాలు చాలవు.

చాలినన్ని ఉన్నాయి. అక్కర్లేనన్ని వాడుతున్నారు.

జోన్ మేన్స్, నెస్సా వుల్ఫ్‌సన్ అనే ఇద్దరు అమెరికాలో జనం నిజంగా అన్న మెచ్చుకోళ్లు దాదాపు 700 పోగుచేసి 1981లో ప్రచురించారు. అవి చూస్తే నేర్చుకునేవాడికి ప్రాణం లేచొస్తుంది. నూటికి 85 మెచ్చుకోళ్లు మూడే మూడు వాక్యపు మూసల్లో ఉన్నాయి. "యువర్ హెయిర్ లుక్స్ నైస్" ఒకటి, "ఐ లైక్ యువర్ బ్యాగ్" ఒకటి, "దట్స్ ఎ గుడ్ ఐడియా" ఒకటి. మొత్తంలో మొదటి మూసదే సగానికి పైగా. విశేషణాల్లో కూడా నైస్, గుడ్, బ్యూటిఫుల్, ప్రెటీ, గ్రేట్ అనే అయిదే మూడింట రెండు వంతులు మోసేస్తాయి. క్రియలు చూస్తే లైక్, లవ్ దాటి వెళ్లేవాళ్లు తక్కువ.

అంటే ఇంగ్లీషులో మెచ్చుకోవడం కవిత్వం కాదు. తయారుగా ఉన్న మాట అందుకుని, దారిలో అనేసి వెళ్లిపోతారు. మనవాళ్లు మెచ్చుకోవాలనుకుంటే సన్మాన సభలో మైకు అందుకున్నట్టు మొదలెడతారు: "సార్, యువర్ ప్రెజెంటేషన్ ఈజ్ మైండ్ బ్లోయింగ్, ఎక్స్‌ట్రార్డినరీ, ఐ హావ్ నెవర్ సీన్ సచ్ ఎ గ్రేట్ స్పీచ్ ఇన్ మై లైఫ్." వినేవాడు వెనక్కి తిరిగి చూసుకుంటాడు, నన్నేనా అని. "దట్ వాజ్ ఎ గుడ్ టాక్. ఐ లైక్డ్ ది పార్ట్ అబౌట్ కాస్ట్స్" అంటే చాలు. ఆ రెండో వాక్యంలో ఏది నచ్చిందో చెప్పడం వల్ల మీరు నిజంగా విన్నారని తెలుస్తుంది.

ఏవి మెచ్చుకోకూడదు?

ఒళ్లు. ఇదొక్కటే అన్నిటికంటే ముందు చెప్పాలి. "ఒళ్లు చేశావు, బాగున్నావు" అనేది మన పెద్దవాళ్ల ప్రేమ. "యూ హావ్ బికమ్ ఫ్యాట్, లుకింగ్ హెల్తీ" అని ఇంగ్లీషులోకి తెస్తే స్నేహం చెడుతుంది. "చిక్కిపోయావు" కూడా అంతే, తెలుగులో అది జాలి, ఇంగ్లీషులో కొందరికి పొగడ్త, కొందరికి గాయం. ఆ జోలికే పోకండి.

రంగు కూడా అంతే. "యూ ఆర్ సో ఫెయిర్" అనే మాట మన పెళ్లిచూపుల వరకే చెల్లుతుంది, అక్కడా చెల్లకుండా పోతే నాకు సంతోషం. "ఫర్ యువర్ ఏజ్" అనే తోక ఎక్కడా తగిలించకండి. వస్తువులు, పని, వంట, ఇల్లు, కొత్త హెయిర్‌కట్, పిల్లల ఆటపాటలు, వీటితో భయం లేదు.

మా మేనేజర్ని మెచ్చుకోవచ్చా? కాకా పడుతున్నానని అనుకుంటారేమో.

వుల్ఫ్‌సన్ గమనించినది ఏమిటంటే, అమెరికాలో మెచ్చుకోళ్లు ఎక్కువగా సమానస్తుల మధ్యే నడుస్తాయి. హోదాలో తేడా ఉంటే, పని గురించి మెచ్చుకునేది సాధారణంగా పై మనిషి కింది మనిషిని. మీరు కిందనుంచి పైకి "యూ ఆర్ ఎ వెరీ గుడ్ మేనేజర్" అంటే మీరే ఆయనకి మార్కులు వేసినట్టు వినపడుతుంది. బదులుగా మీకు జరిగిన మేలు చెప్పండి: "యువర్ నోట్స్ ఆన్ మై రిపోర్ట్ రియల్లీ హెల్ప్డ్." ఇది కాకా కాదు, కృతజ్ఞత. నలుగురి ముందు కాకుండా ఒక్కరున్నప్పుడు చెబితే ఇంకా మంచిది.

ఆఫీసులో అమ్మాయి డ్రెస్ బాగుందని నేను అనొచ్చా? (ఈ ప్రశ్న అబ్బాయిలు చీటీ మీద రాసి ఇస్తారు.)

పరిచయం లేకుండా వద్దు. హోమ్స్ న్యూజీలాండ్‌లో సేకరించిన వాటిలో మెచ్చుకోళ్లలో మూడింట రెండు వంతులు ఆడవాళ్లు ఇచ్చినవి, నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లు అందుకున్నవి. మగాళ్లు మగాళ్లని మెచ్చుకున్నవి పదింటిలో ఒకటి కూడా లేవు. అంటే ఈ మాటలు ఎక్కువగా ఆడవాళ్ల మధ్య స్నేహంగా తిరిగేవి. మగవాడి నోటి నుంచి అదే మాట వస్తే అదే అర్థంలో వినపడకపోవచ్చు. ఆమె చేసిన పనిని మెచ్చుకోండి. "గుడ్ జాబ్ ఆన్ ది డెమో" అంటే ఏ ఇబ్బందీ లేదు. చీటీ రాసేంత సందేహం ఉందంటే జవాబు మీకే తెలుసు.

నేను కూడా తిరిగి మెచ్చుకోవాలా? "సేమ్ టు యూ" అనొచ్చా?

"సేమ్ టు యూ" పండగ శుభాకాంక్షలకి. "నైస్ షూస్" అన్నవాడికి "సేమ్ టు యూ" అంటే అర్థం కుదరదు. తిరిగి మెచ్చుకోవాలనిపిస్తే "థాంక్స్, ఐ లైక్ యువర్స్ టూ" అనండి, అదీ నిజంగా నచ్చితేనే. చెప్పులేసుకుని ఉన్నవాడితో అనకండి.

"మెన్షన్ నాట్" ఎప్పుడు వాడాలి?

ఎప్పుడూ వద్దు. మెచ్చుకోలుకి అది జవాబే కాదు. థాంక్యూకి జవాబుగా మన దేశంలో చెల్లుతుంది, బయట ఎవరూ అనరు. "యూ ఆర్ వెల్‌కమ్" ఉంది కదా.

వెటకారంగా మెచ్చుకుంటున్నారో నిజంగానో ఎలా తెలుస్తుంది?

వెటకారం గురించి మన జిల్లావాళ్లకి వేరే చెప్పాలా! "ఓహో, బాగా చేశావులే" అంటే ఏమిటో మనకి పుట్టుకతో తెలుసు. ఇంగ్లీషులోనూ అంతే, సాగదీసిన గొంతే గుర్తు. బండి రెండు గీతల మీద అడ్డంగా పెట్టినప్పుడు "నైస్ పార్కింగ్" అంటే దానికి థాంక్యూ చెప్పకూడదు. "సారీ, ఐ విల్ మూవ్ ఇట్" అనాలి. తేల్చుకోలేకపోతే నవ్వి ఊరుకోండి.

ఇంటర్వ్యూలో మెచ్చుకుంటే?

ఇక్కడ అణకువ కొంచెం తగ్గించాలి. "యువర్ ప్రాజెక్ట్ ఈజ్ ఇంప్రెసివ్" అంటే, "థాంక్యూ సర్. ఐ రోట్ ది టెస్టింగ్ పార్ట్ మైసెల్ఫ్" అని మీరు చేసిన ముక్క స్పష్టంగా చెప్పండి. "ఇట్ ఈజ్ ఓన్లీ టీమ్ వర్క్" అన్నారంటే మీ వాటా ఏదో వాళ్లకి తెలియదు. "నథింగ్ గ్రేట్ సర్" అంటే రాసుకుంటారు కూడా.

ఇదంతా నేర్చుకుంటే మన అణకువ పోదా?

చైనాలో షియాన్ అనే నగరం సంగతి చెబుతాను. రాంగ్ చెన్ అనే ఆయన 1993లో ప్రచురించిన పరిశీలనలో అక్కడి విద్యార్థుల జవాబుల్లో నూటికి 95కి పైగా మెచ్చుకోలుని తోసిపుచ్చినవే. మన వదినలకంటే గట్టివాళ్లు. అదే ఊళ్లో అదే తరహా ప్రశ్నలతో మళ్లీ చూసి 2010లో ప్రచురిస్తే, నూటికి 60కి పైగా ఒప్పుకోలే. ఒక తరం తిరగకుండానే మారిపోయింది. మధ్యలో ఆ ఊరు బయటి ప్రపంచానికి తెరుచుకుంది, విదేశీయులు, విదేశీ వ్యాపారం, సినిమాలు వచ్చాయి. వాళ్లు మారింది చైనీస్ భాషలోనే, ఇంగ్లీషులో కాదు.

మన దగ్గరా ఆ గాలి వీస్తోంది. విశాఖ నుంచి సెలవులకి వచ్చిన పిల్లలు తెలుగులోనే "థాంక్స్ పిన్నీ" అంటున్నారు. పిన్ని ఒక్క క్షణం తెల్లబోయి నవ్వేస్తోంది. నా మటుకు నాకు ఇందులో బాధపడాల్సింది కనపడదు. ఇంట్లో ఒక తీరు, ఆఫీసులో ఒక తీరు మాట్లాడడం మనకి కొత్త కాదు. మామగారితో మాట్లాడినట్టు బావమరిదితో మాట్లాడతామా?

ఎలా ప్రాక్టీస్ చేయాలి? పుస్తకంలో జవాబులు రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ పరిశోధనల్లో చాలా వాటికి వాడేది డిస్కోర్స్ కంప్లీషన్ టెస్ట్ అనే కాగితం. "మీ స్నేహితుడు మీ వాచీ బాగుందన్నాడు, మీరేమంటారు?" అని ఉంటుంది, కింద ఖాళీ గీత. షియాన్ లెక్కలూ అలా వచ్చినవే. ఆ గీత మీద రాసేటప్పుడు తీరిగ్గా ఆలోచిస్తాం, అనాల్సింది రాస్తాం. నోటి నుంచి వచ్చేది వేరు. క్లాసులో కాగితం మీద "థాంక్యూ, మై సిస్టర్ గేవ్ ఇట్" అని చక్కగా రాసిన పిల్ల, బయట వరండాలో అదే మాట వినగానే "అయ్యో, కాదు మేడమ్" అంటూ వాచీ చెయ్యి వెనక్కి దాచుకుంటుంది.

అందుకని మేము ముందు చెప్పకుండా మెచ్చుకుంటాం. అటెండెన్స్ తీసుకుంటూనో, గేటు దగ్గరో, టీ తాగేటప్పుడో. జవాబు మూడు క్షణాల్లో రావాలి. ఇంట్లో చేయాలంటే అన్నదమ్ములో, గదిలో ఉండే స్నేహితులో ఒకరికొకరు ఈ పని పెట్టుకోండి. ఒంటరిగా ఉంటే మీ దగ్గరున్న వస్తువులు నాలుగు ఎంచుకుని, ఒక్కోదానికి వెనకాల వాక్యం ముందే తయారు చేసిపెట్టుకోండి: బ్యాగు, వాచీ, ఫోన్ కవర్, చెప్పులు. ఎవరు ఏది మెచ్చుకున్నా మాట నోట్లోనే ఉంటుంది. వాట్సాప్ మెసేజ్‌లతో ఈ ప్రాక్టీస్ చేయకండి, అక్కడ దండం పెట్టే బొమ్మ అన్ని పనులూ చేసేస్తుంది.

అలవాటులో "నో నో" అనేశాను. ఇప్పుడు సర్దుకోవడం ఎలా?

వెంటనే అయితే సులువు. "నో నో" అన్న నోటితోనే నవ్వుతూ "ఐ మీన్, థాంక్యూ" అనండి. ఇంగ్లీషువాళ్లు కూడా ఇలా దిద్దుకుంటారు, ఎవరూ పట్టించుకోరు. మాట దాటిపోయి సాయంత్రం గుర్తొస్తే మర్నాడు కనపడినప్పుడు ఒక ముక్క: "థాంక్యూ ఫర్ వాట్ యూ సెడ్ అబౌట్ మై రిపోర్ట్ యెస్టర్‌డే." నిన్న ఎందుకు కాదన్నానో వివరించక్కర్లేదు, మన ఊళ్లో పద్ధతి ఇదీ అని ఉపన్యాసమూ అక్కర్లేదు. వారం దాటిపోయిందా, అయితే వదిలేయండి, వాళ్లు ఎప్పుడో మరిచిపోయి ఉంటారు.